బాలింత అర్రలో బల్బు

నాగర్‌కర్నూలు,
ఫిబ్రవరి 2003.

అక్కా,

ఎలా ఉన్నావని అడగను. నువ్వు నిజం రాయవు.

మొన్న పని మీద వనపర్తి పోతే బస్టాండులో మీ పక్కింటి సరోజ కనిపించింది. "ఏం నిరంజనూ, మీ అక్కకు ఆరో నెల వడ్డది, ఒక్కసారన్న రాకపోతివి" అంది. సోడా తాగుతున్నవాణ్ని సీసా పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. నా సొంత అక్క కడుపుతో ఉన్న సంగతి నాకు బస్టాండులో తెలిసింది. తల్లీ తండ్రీ లేని మనకు ఒకరికొకరం తప్ప ఎవరున్నారు? నాకెందుకు చెప్పలేదు?

ఎందుకో నాకు తెలుసు. చెబితే ఆ బాలింత అర్ర గురించి అడుగుతానని.

అడుగుతున్నాను. ఈసారి కూడా నిన్ను ఆ అర్రలోనే పడుకోబెడతారా? దానికి కిటికీ లేదు. ముందరింట్లో బల్బు ఉంది, వంటింట్లో ఉంది, ఆ అర్రకు మాత్రం వైరే లేదు. నెత్తి మీద మట్టి మిద్దె, దాన్ని మోసే దంతెల సందుల్లో తేళ్లు. పోయినసారి పిల్లవాడు గుక్కపట్టి ఏడుస్తుంటే కడుపునొప్పి అని వాము నీళ్లు పోశారు. దిష్టి అని ఉప్పు తిప్పారు. తెల్లారి బయటికి తెచ్చి గుడ్డ విప్పితే మడతలో తేలు. అప్పటికే వాడు నీలం తిరిగిపోయాడు. తేలు కుట్టిందని తెలిసుంటే గద్వాల దవాఖానకు ఎత్తుకుని ఉరికేవాళ్లం. కనిపిస్తే కదా తెలిసేది!

నేను కరెంటు పని ఏ బడిలోనూ చదవలేదు. చాంద్ పాషా భాయ్ షాపులో మోటార్లు చుడుతూ, దెబ్బలు తింటూ నేర్చుకున్నాను. ఆ అర్రలో ఒక్క బల్బు వేలాడగట్టడం నాకు ఒక పూట పని. నేనొస్తాను. మీ అత్తకు చెప్పు. ఒప్పుకున్నా వస్తాను, ఒప్పుకోకపోయినా వస్తాను.

నిరంజన్


మల్దకల్,
ఫిబ్రవరి.

తమ్ముడు నిరంజన్‌కు,

నువ్వు రావద్దు. మిగతాదంతా చదవకపోయినా సరే, ఈ మాట చదువు.

నీ ఉత్తరం నాకంటే ముందు మీ బావ చదివాడు. చదివి, మడిచి, జేబులో పెట్టుకుని చేనుకు పోయాడు. పొద్దు గూకినాక నా ఒళ్లో పడేసి "నీ తమ్మునికి నోరు దప్ప ఏం లేదు" అన్నాడు. ఇక నుంచి సరోజ పేరు మీద రాయి.

పిల్లవాణ్ని పూడ్చి వచ్చిన రోజు నువ్వేం చేశావో మరిచావా? గడ్డపార తీసుకుని ఆ అర్ర గోడను పొడిచావు. "ఈడ కిటికీ పెడ్త, ఎవడడ్డమొస్తడో రారి" అని వాడంతా వినేటట్టు అరిచావు. అత్త అడ్డం వచ్చింది. నువ్వు తోయలేదు, ఆమే తూలింది, నేను చూశాను. కానీ పడింది. చెయ్యి విరిగింది. "నేను బతికున్నన్ని దినాలు ఈడు నా గడప తొక్కొద్దు" అని అందరి ముందర ఒట్టు పెట్టుకుంది. నువ్వొస్తే ఆమె తిండి మానేస్తుంది. మీ బావ కర్ర తీస్తాడు. మధ్యలో నేను ఈ కడుపుతో ఎక్కడ నిలబడాలి?

మా అత్తను రాక్షసి అనుకోకు. తన పిల్లలందరినీ ఆమె ఆ అర్రలోనే కన్నది. "బాలింతకు గాలి సోకితే సన్నిజరం వడ్తది, పసిపోరనికి వెలుగు సోకితే కండ్లు పోతయి" అని ఆమెకు ఆమె అత్త చెప్పింది. పిల్లవాడు పోయినాక ఆమె ఎన్ని రోజులు గంజి నీళ్లతో బతికిందో నీకు తెలియదు. నువ్వు అరిచి వెళ్లిపోయావు కదా.

ఇంకోటి. దూలానికి మేకు కొట్టనివ్వదు. మామ తన చేతులతో ఎత్తించిన దూలం అది. ఆయన పోయినాక పండగ పండగకూ దానికి పసుపు రాస్తుంది. "దూలానికి మేకు కొట్టుడు, ఇంటాయన రొమ్ముకు కొట్టుడు ఒకటే" అంటుంది. మిద్దెకు రంధ్రం పెడదామంటే వానాకాలం అంతా కురుస్తుంది.

నాకు భయం లేదనుకోకు. రోజూ పోయి చీపురుతో దంతెలు దులుపుతాను. ఏదో రాలుతుంది. మట్టో, మరొకటో కనిపించదు. కదలకుండా నిలబడి వింటాను. మట్టయితే కదలదు కదా. ఆ అర్రలో నేను చెవులతో వెతుకుతున్నాను తమ్మీ.

ఉపాయం ఏదన్నా ఉంటే కాగితం మీద పెట్టి పంపు.

నీ అక్క వసంత


నాగర్‌కర్నూలు,
మార్చి.

అక్కా,

రావద్దన్నావు. రాలేదు. చాంద్ పాషా భాయ్ "ఏందిరా, పొద్దుగాల్నుంచి సుత్తెతోని మాట్లాడుతున్నవ్, మోటారు నీకేం పాపం జేసింది?" అని అడిగాడు. చెప్పాను. ఆయన చాలాసేపు ఆలోచించి "దూలం ముట్టొద్దంటే ముట్టకు. వెదురుబొంగు దొరకదా మీ ఊర్ల?" అన్నాడు. కోపంలో నాకు ఆ మాట తట్టలేదు.

విను. అర్ర వెడల్పుకు సరిపోయే వెదురుబొంగు తెప్పించు. గోడలకు పైన గూళ్లున్నాయి కదా, ఈ గూట్లోంచి ఆ గూట్లోకి అడ్డంగా పెట్టాలి. దూలానికి మేకు లేదు, మిద్దెకు రంధ్రం లేదు. బొంగు నడుమ నుంచి బల్బు వేలాడుతుంది. ముందరింటి స్విచ్చుబోర్డు నుంచి తలుపు పైనున్న సందులోంచి వైరు తేవచ్చు. గోడ పొడిచే పని లేదు, మీ అత్తకు చెప్పు. బొంగు పైన తెల్ల గుడ్డ పందిరిలా కట్టండి. పైనుంచి ఏం రాలినా గుడ్డలో పడుతుంది, వెలుగుకు నీడ కనిపిస్తుంది.

వైరు, హోల్డరు, స్విచ్చు, బల్బు గద్వాల బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను. రెండు వైర్లు పురి వేసి ఉన్నాయి. బల్బుకు రెండూ కావాలి. ఒక దాంట్లో కరెంటు వస్తుంది, రెండో దాంట్లో తిరిగి పోతుంది.

పని మల్దకల్‌లో యేసయ్యతో చేయించు. స్తంభాలెక్కే మనిషి, నాకు తెలుసు. మీ ఆయన చేతికి మాత్రం ఇవ్వకు. పంపుసెట్టు స్టార్టరు నొక్కడం వచ్చినంత మాత్రాన కరెంటు పని వచ్చినట్టు కాదు. ఈ మాట ఆయనకు చదివి వినిపించినా నాకేం కాదు.

నిరంజన్


మల్దకల్,
ఏప్రిల్.

తమ్మీ,

బల్బు వెలిగింది!

ఇది రాస్తూ కూడా రెండుసార్లు లేచి పోయి చూసి వచ్చాను. ఆ అర్ర మూలలు నేను పెళ్లయి వచ్చినాక మొదటిసారి చూశాను. గోడకు ఎవరిదో పాత పసుపు చెయ్యి గుర్తు ఉంది. అత్త దాన్ని చూసి "మా అత్తది" అని కొంగుతో కళ్లు తుడుచుకుంది. బల్బుకు మాత్రం ఎర్ర కాగితం చుట్టాలంది. చుట్టాం. ఆ మాత్రం చాలు, గుడ్డ మీద చీమ పాకినా కనిపిస్తుంది.

నువ్వు తిడతావని తెలుసు, అయినా చెబుతాను. పని మీ బావే చేశాడు. యేసయ్యను పిలుద్దామంటే "నా ఇంట్ల బల్బు పెట్టనీకి నాకు చేతుల్లేవా?" అన్నాడు. నీ మొదటి ఉత్తరం చదివినప్పటి నుంచి ఆయన మనసులో ఈ బల్బు మాటే నలుగుతోందట. బొంగు తనే నరుక్కొచ్చాడు. పందిరి గుడ్డ తనే కట్టాడు. పిల్లవాడు పోయినాక ఆయన ముఖంలో నవ్వు నేను చూసింది అప్పుడే. నువ్వు కూడా ఆ కోపం కొంచెం తగ్గించుకో.

నువ్వు రాసిన, కరెంటు తిరిగి పోయే రెండో వైరు మా వాడలో ఎప్పుడో పోయింది. ట్రాన్స్‌ఫార్మర్ కాలి మళ్లీ పెట్టినప్పటి నుంచి స్తంభం మీద ఒక్క వైరే పని చేస్తోంది. అందరూ ఇంటి బయట నేలలో ఇనుప కడ్డీ పాతి, రెండో వైరు దానికి కట్టుకున్నారు. ఎండాకాలం నేల ఎండితే బల్బులు గుడ్డివైపోతాయి. కడ్డీ దగ్గర బిందెడు నీళ్లు పోస్తే మళ్లీ లేస్తాయి. సరోజ వాళ్లయితే టీవీ చూడాలంటే ఒకరు బయట నీళ్లు పోస్తూ ఉండాలి.

ఇక్కడే మీ బావ తెలివి చూడు. "బయట ఎవడు పోస్తడు దినాం నీళ్లు?" అని ఈ బల్బుకు వేరే కడ్డీని అర్రలోపలే, స్నానం చేసే జలదారి బండ పక్కన పాతాడు. బాలింత స్నానం అక్కడే కదా, రోజూ బిందెలకు బిందెలు వేడినీళ్లు పోస్తారు. నేల ఎప్పుడూ తడిగానే ఉంటుంది, బల్బు ఎప్పుడూ దివ్యంగా వెలుగుతుంది. ఇప్పటి నుంచే నన్ను అక్కడే స్నానం చేయమన్నాడు. నిజంగానే నీళ్లు పోసుకుంటుంటే వెలుగు పెరుగుతుంది, చూడ ముచ్చటగా ఉంటుంది.

నా ఒళ్లు బాగానే ఉంది. స్నానం చేసేటప్పుడు మాత్రం అరికాళ్లలో చీమలు పారినట్టు జుమ్ముమంటోంది. మొన్న చెంబు చేతిలోంచి ఎగిరిపోయింది. "నెలలు నిండుతున్నయి, కాళ్లకు నీరు వట్టింది" అంది అత్త.

ఇక ఆ అర్రంటే నాకు భయం లేదు. నువ్వు పంపిన వెలుగు అది.

వసంత


గద్వాల బస్టాండు,
ఏప్రిల్.

అక్కా,

ఆ బండ మీద స్నానం చేయకు. ఆ మూలకు పోకు. నీళ్లు పోయకు.

నీ ఉత్తరం చదివి చేతిలో పని అక్కడే పడేసి బస్సెక్కాను. రావద్దన్నావని తెలుసు. మీ ఇంటి ముందు నిలబడి "అక్కా, జలదారి దిక్కు పోకు" అని గొంతు చించుకున్నాను. మీ అత్త నిన్ను లోపల పెట్టి తలుపేసింది. నా మాట నీకు వినబడిందో లేదో తెలియదు. మీ ఆయన బయటికొచ్చాడు.

"మళ్ల గడ్డపార తెచ్చినవారా?" అన్నాడు.

"ఆ కడ్డీ పీకు ముందు. అక్క చస్తది" అన్నాను.

"బల్బు పెట్టకపోతే చస్తదంటివి. పెడితే చస్తదంటివి. ఏందిరా నీ బాధ? నువ్వు పెట్టలేదనా?"

చుట్టూ చేరిన నలుగురూ నవ్వారు. నేను ఊరుకోలేదు, అతని కాలర్ పట్టుకున్నాను. చెప్పాల్సిన మాట నోట్లోనే ఉండిపోయింది, చేయి ముందు పోయింది. వాళ్లంతా కలిసి నన్ను లాక్కొచ్చి బస్సులో పడేశారు. చొక్కా చిరిగింది. పోనీ. వచ్చిన పని కాలేదే అని తల బస్సు కిటికీకేసి కొట్టుకున్నాను.

నీ కాళ్లకు నీరు పట్టలేదక్కా. అది కరెంటు. బల్బులోంచి వచ్చింది వైరులో ఆ కడ్డీకి పోతుంది. కడ్డీ నుంచి తడి నేలలోకి పరుచుకుంటుంది. ఆ తడి నేల మీద ఒట్టి కాళ్లతో నిలబడేది నువ్వు. నీళ్లు పోస్తే వెలుగు పెరుగుతోందంటే నీ కాళ్ల కింద పారేది పెరుగుతోందని. ఇవాళ జుమ్ముమంది. రేపు ఆ కడ్డీ తుప్పు పడితేనో, తడి చేత్తో నువ్వు దాన్ని పట్టుకుంటేనో ఏమవుతుందో నేను రాయను. నీ కడుపులో ఉన్నది ఎంతకు తట్టుకుంటుందో నాకు తెలియదు. ఏ పుస్తకంలో ఉంటుందో కూడా తెలియదు.

మీ ఊరికి సూదులు వేయడానికి వచ్చే నర్సమ్మ ఎస్తేరమ్మ ఇక్కడే బస్సు కోసం కూర్చుంది. ఆమెను ఎవరూ ఆపరు కదా. ఆమె చేతికి ఇది ఇస్తున్నాను. వైరు పీకించు. పీకకపోతే పెరట్లో స్నానం చెయ్యి. ఎవరేమన్నా సరే.

నిరంజన్


వనపర్తి,
మే.

అక్కా,

జవాబు లేదు. ఎస్తేరమ్మ ఇచ్చిందో లేదో తెలియదు. మల్దకల్‌లో ఫోను బూత్‌కు రోజూ చేస్తున్నాను. "చెప్తంలే" అని పెట్టేస్తున్నారు. వనపర్తిలో ఒక కొత్త ఇంటికి వైరింగ్ పని ఉంటే భాయ్ నన్ను పంపాడు. ప్రతి గదికీ బల్బు బిగిస్తూ నీ అర్ర గుర్తుకొచ్చి స్క్రూ తిప్పలేకపోతున్నాను. బల్బు పెట్టమని నీ వెంట పడింది నేనే.

ఇక నా దగ్గర కోపం కూడా మిగల్లేదు. ఈ రెండో కాగితం బావకు ఇవ్వు. మొత్తం చదవమను.

బావగారికి,

నేను నిరంజన్‌ను. మీ మీద చేయి వేశాను. అత్తమ్మ చెయ్యి విరగడానికి కారణమయ్యాను. మీరు నన్ను ఊరి నడుమ చెప్పుతో కొట్టండి, వచ్చి నిలబడతాను. అత్తమ్మ కాళ్లు కడుగుతాను. మీ గడప తొక్కను, మీ ఊరి పొలిమేరలో కూడా అడుగు పెట్టను. మీరు కట్టిన బల్బు మంచిదే. బొంగు మంచిదే. మీ పనికి నేను వంక పెట్టడం లేదు. మీ అంత పని నాకు రాదు. ఆ ఒక్క కడ్డీ తీసి బయట పాతండి బావా. నా మాట మీద కాదు, మీకే తోచిందని అందరికీ చెప్పుకోండి. నేను ఎవరికీ చెప్పను. మీ కాళ్లు పట్టుకుంటున్నాను.

మీ బామ్మర్ది


మల్దకల్,
జూన్.

తమ్మీ,

ఆలస్యమైంది. నువ్వెంత తల్లడిల్లి ఉంటావో తెలుసు. ముందు ఈ మాట విను: నేను బతికున్నాను. పాప పుట్టింది. ఇప్పుడు నా పక్కనే కాళ్లు ఆడిస్తోంది.

ఎస్తేరమ్మ నీ ఉత్తరం ఇచ్చింది. నేను మీ బావకు చెప్పాను. ఆయన పోయి బండ మీద నిలబడి నీళ్లు పోసుకుని "ఏది? నాకేం గాలే" అన్నాడు. కాళ్లకు రబ్బరు చెప్పులున్నాయి. నాకది తట్టలేదు. నీకే కోపం ఎక్కువై రాశావేమోనని ఊరుకున్నాను. పెరట్లో స్నానం చేస్తానంటే అత్త ఒప్పుకోలేదు. మళ్లీ ఆ మూలలోనే చేశాను. నువ్వు అరుస్తుండగా విన్నాను కూడా. విని కూడా చేశాను.

తర్వాత సరోజ చేత నీ రెండు కాగితాలూ అందాయి. మీ బావకు రాసింది నేను ఇవ్వలేదు. ఇప్పటికీ ఇవ్వలేదు, ఇవ్వను. నువ్వు గడ్డపార పట్టినవాడివి. "మీ అంత పని నాకు రాదు" అని నీ చేత్తో రాశావు. అది చదివి నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. నా కోసం నా తమ్ముడు ఇంకొకరి కాళ్లు పట్టుకోవాలా? నాకు నోరు లేదా?

అదే రోజు మీ బావ చెయ్యి పట్టుకుని బండ దగ్గరికి తీసుకుపోయాను. "చెప్పులిడిచి నిలవడు" అన్నాను.

"నీకేమన్న పిచ్చి లేసిందా?"

"నేను దినాం నిలవడుతున్న. నువ్వొక్కసారి నిలవడు."

నిలబడ్డాడు. నేనే కాళ్ల మీద చెంబుడు నీళ్లు పోశాను. ఎగిరి గోడకు తగిలాడు. నా కాళ్ల దిక్కు చూశాడు, కడుపు దిక్కు చూశాడు, బయటికి పోయి కూర్చున్నాడు. తర్వాత వచ్చి కడ్డీ పీకేశాడు.

అర్ర మళ్లీ చీకటైంది. బయటున్న పాత కడ్డీ రెండు బల్బులకు చాలదు, ఇంకోటి పాతాలంటే ఎండకు నేల రాయిలా ఉంది, గడ్డపార దిగడం లేదు. "కందిలి పెట్టుకుందం, ఎనకట మేం పెట్టుకోలేదా" అని అత్త. "కందిలి కింద వడితే గుడ్డలంటుకుంటయి" అని ఆయన. "యేసయ్యను పిలుస్త" అని ఒకసారి, "ఆడు పెండ్లికి పోయిండు" అని ఒకసారి. ఇట్లా వాళ్లు కొట్లాడుకుంటుండగానే నాకు నొప్పులు మొదలయ్యాయి. గద్వాల పోదామంటే బండి దొరకలేదు. అత్త అర్ర తలుపు తెరిచి "రా బిడ్డా" అంది.

గుమ్మం దాకా పోయాను. లోపల ఏమీ కనిపించలేదు. చాప చుట్టి చంకలో పెట్టుకుని ముందరింట్లోకి వచ్చి, బల్బు కింద పరిచి పడుకున్నాను.

"ఏందే ఇది? మొగోళ్లు తిరిగే జాగా!" అని అత్త కేకలేసింది.

"మొగోళ్లను బయట తిరగమను" అన్నాను.

"గాలి సోకుతది. సన్ని వడ్తది."

"వడనీ. నేను లోపటికి రాను."

నన్ను ఈడ్వడానికి చూసింది. ద్వారబంధం పట్టుకున్నాను. మీ బావ బయటికి పోయి, ముందరింటి బల్బుకున్న పాత కడ్డీ దగ్గర బిందెలకు బిందెలు నీళ్లు పోస్తూ నిలబడ్డాడు. ఎస్తేరమ్మ వచ్చేదాకా పోస్తూనే ఉన్నాడు. నాకు బల్బు అంత తెల్లగా వెలగడం గుర్తుంది తమ్మీ, అది ఆయన పోసిన నీళ్ల వల్లేనని తర్వాత తెలిసింది.

నీ మీద కూడా నాకు ఒక కోపం ఉంది, చెబుతాను. నువ్వు బొంగు గురించి రాశావు, వైరు గురించి రాశావు. మీ బావ కడ్డీ గురించి, అత్త దూలం గురించి. నేనూ అందరితో పాటు అదే మాట్లాడాను. అసలు ఆ అర్రలో నేనెందుకు పడుకోవాలని మనలో ఒక్కరం అడగలేదు.

ఇదేదో గెలిచానని రాయడం లేదు. ఇక్కడ కూడా మట్టి మిద్దే. తేలు ఇక్కడ కూడా పడుతుంది. కానీ పడితే కనిపిస్తుంది. పాప ఏడ్చిన ప్రతిసారీ గుడ్డలు మడత మడతా విప్పి చూస్తున్నాను.

వాడ ఆడవాళ్లు గడప దగ్గర ఆగి, లోపలికి రాకుండా పోతున్నారు. నాకు నీళ్లు కాచి పోసేది సరోజ ఒక్కతే, అదీ పెరట్లో. అత్త నాతో మాట్లాడటం మానేసింది. పాపను ముట్టలేదు. ఆ రోజే తన చాప తీసుకుని బాలింత అర్రలోకి పోయి తలుపేసుకుంది. తిండికి తప్ప బయటికి రాదు. "ఉండనీ, కోపం దిగినంక వస్తది" అంటాడు మీ బావ. ఆ చీకట్లో, ఆ తేళ్ల కింద ముసలామె ఒక్కతే. నాకు ఆమె గురించి కూడా నిద్ర పట్టడం లేదు.

నువ్వు రా. ఎవరి కాళ్లూ పట్టుకోవద్దు, ఎవరి కాలరూ పట్టుకోవద్దు. మీ బావ నిన్ను రమ్మన్నాడని రాయను, ఆయన అనలేదు. "వస్తే తలుపు మూయనులే" అన్నాడు. అంతే. నేను పడుకున్నది గడప పక్కనే.

నిన్న పాప చాలాసేపు ఏడ్చింది. నేను పెరట్లో ఉన్నాను. చేతులు కడుక్కుని వచ్చేసరికి అర్ర లోపలి నుంచి అత్త గొంతు వినబడింది.

"ఒసేయ్ వసంతా, ఎంతసేపు ఏడిపిస్తవే? గుడ్డలు చూడరాదూ!"

"నా చేతులు తడిగున్నయి అత్తా. జర వచ్చి నువ్వే చూడు" అన్నాను.

చేతులు తుడుచుకోకుండా అట్లాగే నిలబడ్డాను. చాలాసేపటికి లోపల గొళ్లెం కదిలింది. ఆమె వచ్చింది. వెలుగుకు కళ్లు చికిలించి, గోడ పట్టుకుని నడిచింది. కింద కూర్చుని పాప గుడ్డలు ఒక్కొక్కటే విప్పి, బల్బు దిక్కు ఎత్తి చూసింది.

నీ అక్క
వసంత